కలుషిత మట్టిలో పనిచేసే బ్యాక్టీరియాను జన్యువులతో పట్టుకోవడం ఎలా

డీజిల్ ఒలికిన మట్టిలో దాన్ని తినే బ్యాక్టీరియా ఉందో లేదో చూడాలంటే ప్లేట్ల మీద పెంచి లెక్కపెడితే చాలదు, మట్టిలోని సూక్ష్మజీవుల్లో అలా పెరిగేవి మామూలుగా 1 శాతం లోపే. అందుకే నేరుగా మట్టిలోంచే డీఎన్ఏ తీసి క్యూపీసీఆర్ (వెతుకుతున్న జన్యువును కాపీలు చేస్తూ అది ఎంతుందో లెక్కగట్టే పరీక్ష) చేస్తారు.

ముందు ఏ జన్యువును వెతకాలో తేల్చుకోండి. బ్యాక్టీరియా పేరు వెంట పడొద్దు, ఎందుకంటే ఒకే జాతిలో ఒక రకానికి ఆ శక్తి ఉంటుంది, ఇంకోదానికి ఉండదు, పైగా ఇలాంటి జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ల (క్రోమోజోముకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్కలు) మీద ఉండి ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్లిపోతుంటాయి. డీజిల్‌లోని ఆల్కేన్లనే హైడ్రోకార్బన్లకు ఆల్క్‌బీ, నాఫ్తలీన్‌కు నాహ్‌ఏసీ, అట్రజీన్ అనే కలుపుమందుకు అట్జ్‌ఏ చూస్తారు. వినైల్ క్లోరైడ్ అనే విష రసాయనం అయితే వీసీఆర్‌ఏ, బీవీసీఏ రెండూ చూడాలి. దాన్ని విడగొట్టే బ్యాక్టీరియాగా పేరున్న డీహాలోకాకాయిడిస్ దొరికిందని సంబరపడిపోకండి, వాటిలో అన్నీ ఆ పని చేయలేవు.

మట్టి అడుగు దూరంలోనే మారిపోతుంది కాబట్టి ఒక్కో చోట కనీసం మూడు నమూనాలు తీయండి, లోతు రాసుకోండి, దగ్గర్లోని శుభ్రమైన నేల నుంచి కూడా కొంత తెచ్చుకోండి. ఐస్‌లో తెచ్చి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టేయండి.

అసలు తలనొప్పి హ్యూమిక్ ఆమ్లాలతో, అంటే మొక్కలు, ఆకులు కుళ్లి మట్టిలో చేరే పదార్థాలతో. అవి డీఎన్ఏతో పాటే వచ్చేసి పీసీఆర్‌ను ఆపేస్తాయి, అప్పుడు మట్టి నిండా బ్యాక్టీరియా ఉన్నా ఫలితం సున్నా అనే వస్తుంది. డీఎన్ఏ ద్రావణం గోధుమ రంగులో ఉంటే అనుమానించాల్సిందే. రంగు లేకపోయినా అదే నమూనాను 10 రెట్లు పలుచన చేసి మళ్లీ నడపండి: సీటీ విలువ (జన్యువు కనిపించడానికి పట్టిన కాపీ చక్రాల సంఖ్య) సుమారు 3.3 పెరగాలి, అంతకంటే బాగా తక్కువ పెరిగినా, ఇంకా ఘోరంగా తగ్గినా, అడ్డంకి ఉన్నట్టే. పలుచన నమూనానే వాడండి, లేదంటే అడ్డుపడే పదార్థాలను పట్టేసుకునే బీఎస్ఏ అనే ప్రోటీన్ కలపండి, అదీ కుదరకపోతే డీఎన్ఏను వడపోసే కాలమ్‌తో ఇంకోసారి శుభ్రం చేయండి. ఈ పరీక్ష లేకుండా ఎవరైనా 'బ్యాక్టీరియా లేదు' అని రిపోర్ట్ ఇస్తే నేనైతే నమ్మను.

ఎన్ని కాపీలున్నాయో ముందే తెలిసిన నమూనాలతో గీసే స్టాండర్డ్ కర్వ్ వాలు మైనస్ 3.1, మైనస్ 3.6 మధ్య ఉండాలి. మట్టి వేయని ఖాళీ ట్యూబుకు కూడా డీఎన్ఏ తీసే ప్రక్రియంతా చేయండి, కిట్లలోనే బ్యాక్టీరియా డీఎన్ఏ ఉండొచ్చు. లెక్కను గ్రాము పొడి మట్టికి ఇన్ని కాపీలు అని చెప్పండి, తడి మట్టి లెక్క వర్షం పడితే మారిపోతుంది.

ఇంకో చిక్కు, చచ్చిన కణాల డీఎన్ఏ బంకమట్టికి అతుక్కుని చాలాకాలం ఉండిపోతుంది. జన్యువు ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు, అది తెలియాలంటే జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే ఆర్ఎన్ఏ (ఎంఆర్ఎన్ఏ) చూడాలి. ఎంఆర్ఎన్ఏ నిమిషాల్లో చెడిపోతుంది కాబట్టి ల్యాబ్‌కు వచ్చాక చూద్దాం అంటే కుదరదు, తవ్విన చోటే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించాలి.

అదే నమూనాలో డీజిల్ ఎంతుందో కూడా కొలిపించండి. జన్యువు బాగానే కనిపిస్తూ డీజిల్ మాత్రం తగ్గకపోతే, బయటి నుంచి బ్యాక్టీరియా తెచ్చి పోసే ముందు ఆక్సిజన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ సరిపడా అందుతున్నాయో లేదో చూడండి.