ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? లడ్‌లో (Ludlow) ఊరికి ఒక రోజు ఉంచుకోండి

బెంగళూరులో మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్లలో చాలామంది పిల్లలు ఇంగ్లండులోనే ఉన్నారు. ఎండలు ముదరగానే ఎవరో ఒకరు సూట్‌కేసు సర్దుతూ, ఏం చూడాలో చెప్పమని నన్నడుగుతారు. లండన్ మీ అబ్బాయి ఎలాగూ చూపిస్తాడు, లడ్‌లో ఊరికి మాత్రం మీరే అడిగి వెళ్లండి అంటాను. పాత కోట, దాని గుమ్మం ముందే సంత, కాలినడకన తిరిగేంత ఊరు. ఆ రోజు ఇంకో ఊరు కలపకండి.

ఏ వారం వెళ్తున్నారో ముందు చూసుకోండి. కోట ముందున్న క్యాజిల్ స్క్వేర్‌లో సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో సంత పెడతారు. మొదట అక్కడికే వెళ్లి రొట్టె, చీజ్, పళ్లు కొనుక్కుంటే మధ్యాహ్నానికి సరిపోతాయి. శాకాహారులు చీజ్ మీద ‘వెజిటేరియన్’ అని ఉందో లేదో చూడాలి. కొన్ని రకాల్లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అడిగితే అమ్మేవాళ్లు విసుక్కోకుండా చెప్తారు, మొహమాటపడకండి. సెప్టెంబరులో ఫుడ్ ఫెస్టివల్ కోటలోనే జరుగుతుంది. నెమ్మదిగా కోట చూడాలంటే ఆ రోజులు వద్దు.

ఊరు వేల్స్ సరిహద్దు దగ్గర, ష్రూస్‌బరీ, హెర్‌ఫర్డ్ మధ్య రైలు దారిలో ఉంది. ఎటునుంచైనా అరగంట ప్రయాణం. బర్మింగ్‌హామ్‌ నుంచి వచ్చేవాళ్లు ఆ రెండింట్లో ఒకచోట రైలు మారాలి. లండన్ నుంచైతే మూడు గంటల పైమాటే, రాత్రికి అక్కడే ఉండిపోవడం మేలు. అరవై దాటినవాళ్లు సీనియర్ రైల్‌కార్డ్ తీసుకుంటే టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. స్టేషన్ నుంచి కోటకి కొంచెం ఎత్తు ఎక్కాలి.

కోట అనగానే మనకి గోల్కొండ గుర్తొస్తుంది. ఇది అంత పెద్దది కాదు, కానీ ఇంగ్లండు చరిత్ర మలుపు తిరిగిన చోటు. వేల్స్ సరిహద్దు కాపలా కోసం డి లేసీ కుటుంబం పదకొండో శతాబ్దం చివర్లో కట్టడం మొదలుపెట్టింది. ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ పెద్దకొడుకు ఆర్థర్ కొత్త పెళ్లాం క్యాథరిన్‌తో ఇక్కడికి కాపురానికొచ్చి, 1502 ఏప్రిల్‌లో పదిహేనేళ్లకే చనిపోయాడు. సింహాసనం తమ్ముడికి వెళ్లింది, ఆ క్యాథరిన్‌నే తమ్ముడు పెళ్లి చేసుకున్నాడు. ఆ తమ్ముడే ఎనిమిదో హెన్రీ. తర్వాత ఆమెని వదిలించుకోవడానికే, అందుకు ఒప్పుకోని పోప్‌తో తెగదెంపులు చేసుకున్నాడు. ఆర్థర్ బతికుంటే ఆ దేశం కథే వేరుగా ఉండేది. ఈ సంగతి తెలుసుకుని వెళ్తే ఆ మొండిగోడల మధ్య మనసు బరువెక్కుతుంది. వేల్స్ వ్యవహారాలు చూసే మండలిని 1689లో రద్దు చేశాక కోటని పట్టించుకునేవాళ్లు లేక పాడుబడింది.

లోపల ఎక్కువసేపు గడపాల్సింది గుండ్రటి ప్రార్థనాలయం దగ్గర. అలాంటివి ఇంగ్లండులో చాలా తక్కువ మిగిలాయి. పైకప్పు లేదు. గుమ్మం కమాను మీద రంపపు పళ్లలా చెక్కిన వరసలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. లోపలికి అడుగుపెడితే గోడ చుట్టూ చిన్న చిన్న కమానులు. ఆకాశం కింద నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి. పెద్ద బురుజు మెట్లు ఇరుకు, మెలికలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కొద్దు, కిందే చూడాల్సినంత ఉంది. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు తీసుకెళ్లండి.

బయటికొచ్చాక సెయింట్ లారెన్స్ చర్చి, 1619లో కట్టిన ఫెదర్స్ హోటల్ ముందు భాగంలోని కర్రపనితనం, బ్రాడ్ వీధి చివర పాత ఊరి ద్వారం చూడండి. తర్వాత డిన్‌హమ్ వంతెన మీద టీమ్ నది దాటి విట్‌క్లిఫ్ గుట్ట ఎక్కితే కోట, ఊరు కలిపి కనిపిస్తాయి. ఫొటోలు అక్కడే బాగా వస్తాయి. సాయంత్రం ఐదయ్యేసరికి చాలా కొట్లు కట్టేస్తారు కాబట్టి, మనవళ్లకి కొనాల్సినవేమైనా ఉంటే గుట్ట ఎక్కకముందే కొనేయండి. తిరుగు రైలు టైము పొద్దున్నే ఫోన్లో చూసి పెట్టుకోండి.