పాత ఎస్-10 పికప్‌లో ముందు బాల్ జాయింట్లు: సమస్య - పరిష్కారం

షెవర్లే ఎస్-10 అమెరికాలో 1982 నుంచి 2004 మోడల్ దాకా వచ్చింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే నకిల్‌ను, పైనా కిందా ఉన్న అప్పర్, లోయర్ ఆర్మ్‌లకు కలిపే బంతి-గిన్నె కీలే బాల్ జాయింటు. ఇక్కడ చెప్పేది టూ వీల్ డ్రైవ్ బండి సంగతి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు కాయిల్ స్ప్రింగు బదులు టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటుంది, దాని పద్ధతి వేరు.

సమస్య

గతుకు ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టక్కుమంటుంది. ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే కిర్రుమంటుంది. తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ జరుగుతుంటుంది. ముందు టైరు ఒక అంచున ఎక్కువ అరుగుతుంది.

వీటిలో ఏ ఒక్కటి చూసీ బాల్ జాయింటే అని తేల్చకండి. చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే తప్పు వీల్ బేరింగుది. కుడి ఎడమలు పట్టి ఊపినప్పుడే కదిలితే స్టీరింగు లంకె భాగాలైన టై రాడ్ ఎండ్లు, ఐడ్లర్ ఆర్మ్ చూడాలి. ఈ బండిలో ఐడ్లర్ ఆర్మ్ అరగడం మామూలే.

ఎలా తేల్చాలి

చాలామంది తప్పు చేసేది జాకీ పెట్టే చోటే. ఫ్రేము కింద పెట్టి లేపితే స్ప్రింగు లోయర్ ఆర్మ్‌ను కిందికి నెడుతూనే ఉంటుంది. జాయింటు బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఎంత అరిగినా లూజు కనపడదు. జాకీని లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింటుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. అప్పుడే జాయింటు మీద బరువు పోయి అసలు లూజు బయటపడుతుంది. ఫ్రేము కింద స్టాండు మాత్రం తప్పకుండా ఉండాలి.

కింది జాయింటుకు ఇంకా తేలిక పరీక్ష ఉంది. దీనికి బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి. అడుగున గ్రీజు నిపుల్ బిగించిన చిన్న గుండ్రటి దిమ్మను గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. కొత్త జాయింటులో ఆ దిమ్మ మూత మట్టం నుంచి సుమారు 1.27 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంటుంది. అరిగేకొద్దీ లోపలికి పోతుంది. స్క్రూడ్రైవర్ అంచుతో మూత మీద గీసినట్టు లాగితే దిమ్మకు తగలాలి. తగలకుండా జారిపోయిందంటే జాయింటు మార్చే సమయం దాటింది.

పై జాయింటును స్టడ్డు (బంతి నుంచి వచ్చే మర ఉన్న కడ్డీ) నకిల్ నుంచి విడదీశాకే నిజంగా పరీక్షించగలం. స్టడ్డు వేళ్లతో తిరిగినా, పక్కకు ఊగినా మార్చండి.

కారణం

ఈ బండిలో స్ప్రింగు కూర్చునేది లోయర్ ఆర్మ్ మీద. అది ఆర్మ్‌ను కిందికి నెడుతుంటే చక్రం నకిల్‌ను పైకి నెడుతుంది. మధ్యలో ఉన్న కింది జాయింటు బంతి తన గిన్నెలోంచి ఎప్పుడూ బయటికి లాగబడుతూనే ఉంటుంది. బండి బరువు మోసేది ఇదే. రబ్బరు బూటు చిరిగి నీళ్లూ ఇసుకా చేరినా, గ్రీజు పట్టడం మరిచినా ముందు పోయేది ఇదే. పూర్తిగా అరిగితే బంతి ఊడిపోయి చక్రం మడ్‌గార్డులోకి మడుచుకుంటుంది. కిర్రుమనే జాయింటుకు గ్రీజు పడితే చప్పుడు తగ్గవచ్చు, లూజు మాత్రం తగ్గదు.

పరిష్కారం

ఒక్కో పక్కే చేయండి, రెండో పక్క చూసుకోవడానికి ఉంటుంది. జాయింటును నొక్కి తీసి ఎక్కించే జాయింట్ ప్రెస్సు కొనక్కర్లేదు, అమెరికాలో ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని వాడుకోవడానికి ఇస్తాయి.

చక్రం, బ్రేకు కాలిపర్ తీయండి. కాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీయండి, బ్రేకు గొట్టానికి బరువు పడకూడదు. లోయర్ ఆర్మ్‌లో స్ప్రింగు కూర్చున్న చోటు కింద జాకీ ఆనించండి. పని ముగిసేదాకా ఆ జాకీ కదలకూడదు. జాకీ లేకుండా జాయింటు విడిపోతే నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. షాక్ అబ్జార్బర్‌ను కూడా విప్పకండి.

కాటర్ పిన్ (నట్టు తిరగకుండా ఆపే పిన్ను) లాగి, నట్టును రెండు మూడు చుట్లు వదులు చేసి అలాగే ఉంచండి. నకిల్ చెవి పక్కన సుత్తితో గట్టిగా కొడితే టేపరు (నకిల్‌లో బిగుసుకున్న స్టడ్డు శంకు భాగం) వదులుతుంది. స్టడ్డు మర మీద కొట్టకండి. పికిల్ ఫోర్కు (జాయింటు విడదీసే రెండు పళ్ల సాధనం) బూటును చింపేస్తుంది, పారేసే జాయింటుకే వాడండి. టేపరు వదిలాక నట్టు తీసి, నకిల్‌ను పైకెత్తి, అప్పర్ ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య చెక్కముక్క పెట్టండి.

కింది జాయింటు ప్రెస్ ఫిట్, అంటే ఆర్మ్ రంధ్రంలో నొక్కి బిగించినది. పాతది కిందికి దిగుతుంది, కొత్తది కింది నుంచి పైకి ఎక్కుతుంది. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. ప్రెస్సు స్క్రూకు గ్రీజు రాసి బిగించండి. ఇక తిరగనప్పుడు ఆర్మ్ రింగు మీద రెండు దెబ్బలు వేస్తే ఢామ్మని వదులుతుంది. కొత్తది వంకరగా ఎక్కుతుంటే వెంటనే ఆపి వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. అంచు ఆర్మ్‌కు పూర్తిగా ఆనాలి, మధ్యలో కాగితం కూడా దూరకూడదు. చేత్తో నెడితేనే లోపలికి పోయిందంటే ఆర్మ్ రంధ్రమే సాగిపోయింది. వెల్డింగు చుక్కలు పెట్టి నిలబెట్టకండి, ఆర్మ్ మార్చాలి. బూటు మీది గ్రీజు వదిలే రంధ్రం బండి లోపలి వైపుకు ఉండాలి.

పై జాయింటును ఫ్యాక్టరీలో నాలుగు రివెట్లతో బిగిస్తారు. అంగుళంలో ఎనిమిదో వంతు బిట్టుతో పావు అంగుళం లోతు తొలిచి, తర్వాత అర అంగుళం బిట్టుతో తల మాత్రం తీసేయండి. ఆర్మ్ రేకు తొలిస్తే రంధ్రం పెద్దదవుతుంది. మిగిలిన ముక్కలను పంచితో కొట్టండి. కొత్తదాన్ని కిట్‌లో వచ్చిన బోల్టులతోనే బిగించండి, మామూలు బోల్టులు పనికిరావు.

స్టడ్డు, నకిల్ రంధ్రం నూనె లేకుండా తుడిచి, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న టార్కుకు (బిగింపు బలానికి) నట్టు బిగించండి. కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలే తప్ప వదులు చేయకూడదు. బూటు కొద్దిగా ఉబ్బేదాకా గ్రీజు పట్టండి.

ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. కొత్త జాయింటుతో క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మారుతుంది, చేయించకపోతే టైరు అంచు మళ్లీ అరుగుతుంది. కొత్తవి వేశాకా టక్కుమంటుంటే అప్పర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ బార్ లింకులు చూడండి.