తిరుపతి నుంచి ముంబైకి: కొత్త ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ మకాం ఎలా మార్చాలి?

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంట్లో మాటలన్నీ జీతం చుట్టూనే తిరుగుతాయి. కానీ ఈ ఉద్యోగంలో కరువు డబ్బుకు కాదు, సమయానికి. కొత్తగా చేరిన అనలిస్టు రాత్రి 11, 12 దాకా ఆఫీసులో ఉండటం మామూలే. కంపెనీల కొనుగోళ్లు, అమ్మకాలు, షేర్ల జారీ దగ్గరుండి నడిపించడమే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ పని, అలాంటి ఒక్కో పనిని డీల్ అంటారు. డీల్ నడుస్తుంటే ఆదివారం కూడా మనది కాదు. నేను 23 ఏళ్ల వయసులో బైరాగిపట్టెడ నుంచి ముంబై వెళ్లాను. అద్దెలో నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలని చూసి ఏడాది పాటు నిద్ర పోగొట్టుకున్నాను. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

1. ఆఫీసు ఏ బిల్డింగ్‌లోనో కనుక్కోండి

"ముంబై ఆఫీస్" అంటే సరిపోదు. అందరూ బీకేసీ అని పిలిచే బాంద్రా కుర్లా కాంప్లెక్స్, లోయర్ పరేల్, వర్లీ, నారిమన్ పాయింట్ - ఎక్కువ ఆఫీసులు ఈ నాలుగు చోట్లే ఉంటాయి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎన్‌ఎస్‌ఈ ప్రధాన కార్యాలయాలు కూడా బీకేసీలోనే. మీరు కూర్చోబోయే బిల్డింగ్ ఏదో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. అలిపిరి నుంచి తిరుచానూరుకు అరగంటలో వెళ్లిపోయే అలవాటు మనది. ముంబై ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన ఊరు. ఇల్లు తప్పు చోట తీసుకుంటే రోజుకు మూడు గంటలు దారిలోనే పోతాయి.

2. చేతిలో ఎంత ఉండాలో లెక్కేసుకోండి

మొదటి జీతం నెలాఖరుకు గానీ రాదు. ఈలోపు అడ్వాన్స్, బ్రోకర్ ఫీజు, మొదటి నెల అద్దె కట్టాలి. ఇల్లు రూమ్‌మేట్‌తో పంచుకుంటే మీ వాటా అద్దె నెలకు 30,000 అనుకోండి. మూడు నెలల డిపాజిట్ 90,000, బ్రోకర్‌కు ఒక నెల అద్దె, మొదటి నెల అద్దె కలిపితే 1,50,000. ఇంకా మంచం, పరుపు లెక్కలోకి రాలేదు. కొందరు ఓనర్లు ఇంతకంటే ఎక్కువ డిపాజిట్ అడుగుతారు.

మకాం మార్చే ఖర్చు కంపెనీ ముందే ఇస్తుందా, బిల్లులు చూపిస్తే ఇస్తుందా అని అడగండి. జాయినింగ్ బోనస్ ఉంటే ఆ పేరా రెండుసార్లు చదవండి. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు చాలా లెటర్లలో ఉంటుంది. ఆ డబ్బుతో ఇంటి అప్పు తీర్చేద్దామని తొందరపడకండి.

3. ఫొటోలు చూసి ఇల్లు ఖాయం చేయకండి

నేను చేసిన తప్పు ఇదే. తిరుపతిలో కూర్చుని ఫొటోలు చూసి టోకెన్ డబ్బు పంపాను. అక్కడికి వెళ్లాక ఆ ఇల్లు వేరే వాళ్లకు ఇచ్చేశారు, బ్రోకర్ ఫోన్ ఎత్తలేదు. మొదటి రెండు వారాలు కంపెనీ గెస్ట్‌హౌస్‌లోనో, ఆఫీసు దగ్గర పీజీలోనో ఉండి, ఇళ్లు కళ్లారా చూసి తీసుకోండి. ఆఫీసు బీకేసీలో అయితే సయాన్, మాతుంగా, మాహిం వైపు వెతకండి. మాతుంగాలో కరివేపాకు, ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ దొరుకుతాయి. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మూడో నెలలో దాని విలువ తెలుస్తుంది.

2025 అక్టోబరు నుంచి మెట్రో ఆక్వా లైన్ ఆరే నుంచి బీకేసీ, దాదర్, వర్లీ మీదుగా కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది. ఆ లైన్ స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో ఇల్లు ఉంటే ఉదయం ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. అర్ధరాత్రి మాత్రం మెట్రో ఉండదు. ఆలస్యమైతే క్యాబ్ ఖర్చు ఇస్తారా, ఎన్ని గంటల తర్వాత ఇస్తారు అన్నది ముందే కనుక్కోండి.

ముంబైలో అద్దె కాగితాన్ని లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్ అంటారు. చాలావరకు 11 నెలలకు రాస్తారు. మహారాష్ట్రలో 1999 నాటి అద్దె చట్టం ప్రకారం దీన్ని తప్పకుండా రిజిస్టర్ చేయాలి, ఆ బాధ్యత ఓనర్‌ది. స్టాంప్ పేపర్ మీద సంతకం చాలంటే ఒప్పుకోకండి. పాత పన్ను విధానం ఎంచుకుంటే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపుకు ఈ కాగితం అవసరం. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కూడా కావాలి. కొత్త విధానంలో ఈ మినహాయింపే లేదు. పెళ్లి కానివారికి ఇస్తారా, ఇంట్లో మాంసం వండుకోవచ్చా అన్నది సొసైటీని ముందే అడిగేయండి.

4. షేర్ల సంగతి ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి

దీన్ని ఎవరూ చెప్పరు, ప్రమాదం మాత్రం ఇందులోనే ఎక్కువ. మీరు పనిచేసే డీల్ బయటకు రాకముందే మీకు తెలుస్తుంది. ఏ కంపెనీ దేన్ని కొంటోంది, ఎవరు ఐపీఓకి (షేర్లు మొదటిసారి జనానికి అమ్మడానికి) వస్తున్నారు అన్నది భార్యకు, రూమ్‌మేట్‌కు, నాయనకు, ఎవరికీ చెప్పకూడదు. సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటకు రాని సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల కింద ఇది నేరం.

చేరిన వారంలోనే మీ డీమ్యాట్ ఖాతా (షేర్లు ఉంచుకునే ఖాతా) వివరాలు అడుగుతారు. ఆ తర్వాత షేరు కొనాలన్నా అమ్మాలన్నా సంస్థలో నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ విభాగం అనుమతి కావాలి. భార్య లేదా భర్త కూడా ఈ నిబంధనల కిందికి వస్తారు. మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలు, తోబుట్టువులు కూడా వస్తారు. అంతేకాదు, షేర్లు కొనేటప్పుడు మీ సలహా అడిగే తండ్రి కూడా వస్తాడు, ఆయన సొంత సంపాదన ఆయనకు ఉన్నా సరే.

మన ఊర్లో పెళ్లికి వెళితే చిన్నాయన పక్కన కూర్చుని "ఏంరా అబ్బోడా, బ్యాంకులో ఉండావు కదా, ఏ షేరు కొనమంటావు?" అంటాడు. ప్రేమగానే అడుగుతాడు. "చిన్నాయనా, చెబితే నా ఉద్యోగం పోతుంది" అని ఒకే మాట అందరికీ చెప్పండి. బయలుదేరే ముందే అమ్మానాన్నలకు వివరిస్తే, తర్వాత మీ తరఫున వాళ్లే అందరికీ చెప్పేస్తారు. ట్రైన్‌లో, లిఫ్ట్‌లో కంపెనీ పేర్లు ఎత్తకండి. ల్యాప్‌టాప్ స్క్రీన్ పక్కవాళ్లకు కనిపించనివ్వకండి.

5. ప్రయాణం, సామాను

చెన్నై–ముంబై రైళ్లు రేణిగుంట మీదుగా వెళ్తాయి, ప్రయాణం దాదాపు ఒక రోజు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాత ఉద్యోగం ఉంటే రిలీవింగ్ లెటర్ చేతి సంచిలో పెట్టుకోండి. పీఎఫ్‌కు పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారు గుర్తింపు) నంబరే ఇవ్వండి. సామాను రెండు సూట్‌కేసులు దాటకుండా చూడండి.

జూన్‌లో చేరుతుంటే వానలకు సిద్ధపడండి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో పడతాయి, అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. తోలు బూట్లు ఆఫీసు డెస్క్ కింద ఉంచి, చెప్పులతో వెళ్లి మార్చుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తీసుకోకండి.

అమ్మ ఎలాగూ పొడులు కట్టి ఇస్తుంది. వద్దనకండి. రాత్రి పన్నెండుకు వచ్చాక శనక్కాయల పొడి, నెయ్యి, వేడన్నం ఉంటే బయటి తిండి జోలికి పోరు.

6. ఇంటితో మాట్లాడే వేళ పెట్టుకోండి

రాత్రి మాట్లాడతానంటే కుదరదు. ఎందుకంటే మీ రాత్రి మొదలయ్యేసరికి అమ్మ నిద్రపోతుంది. ఉదయం ఆఫీసుకు వెళ్లే దారిలో పది నిమిషాలు ఖాయం చేసుకోండి. సంస్థ ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలను చేర్చే గడువు చేరిన కొత్తలోనే ఉంటుంది, మర్చిపోకండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది. సంక్రాంతికి రావాలంటే నవంబరు మధ్యలో టికెట్ తీయాలి. ఆ రోజుకు డీల్ ఉంటుందో లేదో అని ఆగకండి. కుదరకపోతే రద్దు చేసుకోవచ్చు. టికెట్ తీసిన రోజే మీ టీమ్ పెద్దకు ఆ తేదీలు మెయిల్ చేయండి.