లోహశిల్ప ఫర్నిచర్‌ను గుర్తుపట్టడం - 4: కంచు పేరు, కంచు పొర

పోయిన పాఠంలో లోహాన్ని అయస్కాంతంతో పరీక్షించడం గురించి చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివాక, ఈసారి అమెరికా ఫర్నిచర్ రూపకర్త పాల్ ఎవాన్స్ చేసిన ‘సిటీస్కేప్’ వరుస మొదలుపెట్టాలన్న ఆలోచన మానుకున్నాను. ముగ్గురు ఒకే పొరపాటు చేశారు. ఎవాన్స్‌దే మరో వరుస ‘స్కల్ప్టెడ్ బ్రాంజ్’ (మలిచిన కంచు) సామాను మీద వేలితో కొట్టారు. కంచు కదా, ఖంగుమనలేదు కాబట్టి నకిలీ అని తేల్చేశారు. ఇంకొకరికి అయస్కాంతం ఒకచోట కొద్దిగా అంటుకుంది, మరోచోట అంటుకోలేదు. ఆయనా నకిలీ అనే రాశారు. తప్పు నాది కూడా. అయస్కాంతం ఏం చెబుతుందో చెప్పాను గానీ, అది చెప్పలేనిదేమిటో మీకు చెప్పలేదు.

ఎవాన్స్ ఎవరు, ఆయన పనిచేసిన న్యూ హోప్ ఎక్కడ, సంతకం ఎలా ఉంటుంది అన్నవి మొదటి రెండు పాఠాల్లో ఉన్నాయి. మళ్లీ చెప్పను.

‘స్కల్ప్టెడ్ బ్రాంజ్’ పోతపోసిన కంచు కాదు. 1964లో ఎవాన్స్ డైరెక్షనల్ అనే ఫర్నిచర్ కంపెనీ కోసం డిజైన్లు చేయడం మొదలుపెట్టాడు, ఈ వరుస ఆ కాలంలోనే వచ్చింది. లోపల ప్లైవుడ్ గానీ ఉక్కు చట్రం గానీ ఉంటుంది. దాని మీద ఎపాక్సీ రెసిన్ (గట్టిపడే జిగురు లాంటిది) మెత్తి, చేత్తో మలిచి, ఆ పైన కంచును తుంపరగా చల్లేవారు. చల్లిన పొర పల్చన, దాని కింద రెసిన్. అది మోగదు. రెసిన్ సన్నగా ఉన్నచోట లోపలి ఉక్కు అయస్కాంతాన్ని లాగొచ్చు, మందంగా ఉన్నచోట లాగదు. ఉత్తరం రాసినాయన చూసింది సరిగ్గా అదే అయ్యుండవచ్చు. అది అనుమానించాల్సిన గుర్తు కాదు.

అయస్కాంతం అసలు పనికొచ్చేది ఎవాన్స్ ‘స్కల్ప్టెడ్ ఫ్రంట్’ బీరువాల దగ్గర. వాటి ముఖం ఉక్కుతో వెల్డింగ్ చేసింది, గట్టిగా పట్టుకుంటుంది. ఆయనదే ‘అర్జాంట్’ వరుస వెల్డింగ్ చేసిన అల్యూమినియం, పట్టుకోదు. అర్జాంట్‌కూ అంటుకోదు, స్కల్ప్టెడ్ బ్రాంజ్‌కూ చాలాచోట్ల అంటుకోదు, కారణాలు మాత్రం వేరు. తండ్రీకొడుకులు ఫిలిప్, కెల్విన్ లావెర్న్‌ల బల్లలు ఇంకో దారి. కంచు, ప్యూటర్ (తగరం ఎక్కువున్న మిశ్రలోహం) పనిని మట్టిలో పాతిపెట్టి ఆ రంగు తెప్పించారు. అక్కడ అయస్కాంతం జేబులోనే ఉంచండి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి. ఒక చెల్లెమ్మ చిన్న స్కల్ప్టెడ్ బ్రాంజ్ బల్ల కొనుక్కుని, నల్లబడిందని చింతపండుతో తోమింది. మన ఇళ్లలో ఇత్తడి బిందెనూ దేవుడి గంటనూ అలాగే తోముతాం, తళతళలాడతాయి. కానీ బిందె లోపలిదాకా ఇత్తడే. ఎంత తోమినా కింద ఇత్తడే వస్తుంది. ఈ బల్ల మీద ముదురు రంగు మురికి కాదు, చేసినవాళ్లు కావాలని తెప్పించిన రంగు. పులుపు ముందు దాన్ని తీసేస్తుంది. ఆ తర్వాత రుద్దే కొద్దీ పల్చటి కంచు అరుగుతుంది. మూలల్లో మొదట పోతుంది, ఎందుకంటే చెయ్యి అక్కడే గట్టిగా ఒత్తుతుంది. ఒకసారి పోయింది ఇంట్లో తిరిగి రాదు. నిమ్మకాయ వద్దు, బేకింగ్ సోడా వద్దు, ఇత్తడి పాలిష్ వద్దు, ‘కొంచెం, ఒక్క మూలలో’ అని కూడా వద్దు. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, చాలు. నేను గుడ్డ కూడా వాడను, గరుకు అంచులకు పీచు పట్టుకుంటుంది.

మరి పొరను ఎలా గుర్తుపట్టాలి? దెబ్బ తిన్నచోటు వెతకండి. కాళ్ల అడుగున, తలుపు అంచుల్లో ఎక్కడో చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. అక్కడ పైన సన్నటి లోహపు గీత, దాని కింద లోహం కానిది కనిపిస్తాయి. నేను ముందు చూసేది అదే, సంతకం ఆ తర్వాతే చూస్తాను. రెండోది టార్చ్. ఎదురుగా వేయకండి, తలుపుకు పక్కగా ఆనించినట్టు పట్టుకోండి. చేత్తో మలిచిన గుంటలు, గట్లు నీడలతో లేస్తాయి. రెండు తలుపుల మీదా ఒకే గుంట, ఒకే గట్టు అచ్చుగుద్దినట్టు కనబడితే ఆగి ఆలోచించండి.

అభ్యాసం: వేలం కేటలాగుల్లోంచి పన్నెండు ఫొటోలు తీసుకుని, కింద రాసింది మూసేసి, ఒక్కోదానికి లోపలి నుంచి బయటికి పొరలు రాయండి: చట్రం, మధ్యది, పైది. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఉన్నవాళ్లకు, ఇలాంటి సామాన్ల వేలం జరిగే లాంబర్ట్‌విల్ ఊరు దగ్గరే. వేలానికి ముందు సామాన్లు చూడనిచ్చే రోజు చూసుకుని వెళ్లి, ఒకే ఒక్క తలుపు ముందు గంటసేపు నిలబడండి. తలుపు మీది ప్రతి గడినీ కాగితం మీద గీసి, ఏ గడి ఏ లోహమో రాసుకోండి. అయస్కాంతం పెట్టే ముందు అక్కడివాళ్ల అనుమతి అడగండి, దానికి మెత్తని బట్ట చుట్టండి. సిటీస్కేప్ ఆ కాగితాలు వచ్చాకే మొదలుపెడతాను.