దసరా రాత్రి పన్నెండుమందికి భోజనం, పదిహేను వందల్లో

మాది బెజవాడలో విద్యాధరపురం. విజయదశమి సాయంత్రం కృష్ణ ఒడ్డున దుర్గాఘాట్‌లో అమ్మవారి తెప్పోత్సవం చూడ్డానికి వచ్చే మా చుట్టాలకి నడిచి వచ్చేంత దగ్గర్లో ఉన్నది మా ఇల్లొక్కటే. ఆ రోజుల్లో బస్సులూ ఆటోలూ దారి మళ్లిస్తారు. కాబట్టి అందరూ కుమ్మరిపాలెం మీదుగా నడుచుకుంటూ తొమ్మిదింటికి ఆకలిగా దిగుతారు. తెనాలి, నూజివీడు నుంచి వచ్చినవాళ్లని అంత రాత్రప్పుడు మంచినీళ్లిచ్చి పంపలేం కదా. దసరా నెల మొదట్లో వచ్చినా ఆఖర్లో వచ్చినా ఈ ఒక్క పూటకీ నేను తీసేది పదిహేను వందలే. పన్నెండుమందికి సరిపోతుంది.

ముందు మనుషుల లెక్క తేల్చుకోండి. "వీలుంటే వస్తాం వదినా" అనే ఆడపడుచుని వదలకండి. "ఎంతమంది వస్తారో పొద్దున పదింటికల్లా చెప్పమ్మా, పప్పు నానబెట్టాలి" అని నేరుగా అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. కృష్ణకి వరద ఎక్కువగా ఉంటే తెప్ప విహారం ఉండదు. అలాంటప్పుడు చుట్టాలు గంటా రెండు గంటలు ముందే వచ్చేస్తారు, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఇద్దరు మనుషులు పెరిగితే అయ్యేది రెండు గుప్పెళ్ల బియ్యం, గరిటెడు పప్పు. అదే ఇంకో వేపుడు చేద్దామని మొదలుపెడితే రెండు కిలోల కూరగాయలు, బోలెడు నూనె. అందుకే నేను వేపుడు జోలికి పోను. గారెలు, పులిహోర, పరమాన్నం, దోసకాయ పప్పు, తీపి గుమ్మడికాయ పులుసు, పెరుగు. ఇంట్లో ఉన్న ఊరమిరపకాయలూ అప్పడాలూ ఎలాగూ వేయిస్తాం. ఇందులో పులిహోర, పులుసు సాయంత్రం నాలుగింటికి చేసి పెట్టినా రాత్రికి ఇంకా బాగుంటాయి. చుట్టాలు ఎప్పుడొస్తారో తెలియని పూట అంతకన్నా ఏం కావాలి?

పులిహోర చింతపండుతోనే చేయండి. నవరాత్రుల్లో బెజవాడలో నిమ్మకాయ ధర అడగడానికే భయం. అమ్మవారికి దండలు గుచ్చేవాళ్లంతా ఎగబడతారు. ఆయుధపూజకి బూడిద గుమ్మడికాయ కూడా అంతే. తీపి గుమ్మడికి అంత గిరాకీ ఉండదు, రెండు కిలోల ముక్క పులుసుకి చాలు. ముప్పావు కిలో బియ్యానికి నూరు గ్రాముల చింతపండు, పోపులో జీడిపప్పుకి బదులు వేరుశనగ గుళ్లు. తెల్లన్నానికి ఇంకో కిలోంపావు. పప్పుకి అరకిలో కందిపప్పు, కిలో దోసకాయలు.

కూరలు పండగకి రెండు రోజుల ముందే రైతుబజార్లో కొనేయండి. దోసకాయ, గుమ్మడి పాడయ్యేవి కావు. గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. దాన్ని చూసి లోపలికెళ్తే బేరాల గొడవ ఉండదు. దశమి పొద్దున కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లడం మాత్రం శుద్ధ దండగ. జనంలో ఈదుకుంటూ వెళ్లి, చెప్పిన ధరకి తెచ్చుకోవాల్సిందే. అరటాకులు, కొత్తిమీర, కరివేపాకు ముందురోజు చాలు.

ఇక గారెలు. పండగంటే అవే, కాబట్టి వాటి దగ్గర పిసినారితనం పనికిరాదు. మనిషికి మూడు లెక్కన ముప్పావు కిలో మినప్పప్పు పోయండి, పది దాకా మిగులుతాయి కూడా. నాలుగు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే పిండి నీరెత్తి నూనె తాగుతుంది. గ్రైండర్ ఉన్న పక్కింటావిణ్ణి అడగండి. మిక్సీ కన్నా గ్రైండర్లో పిండి బాగా ఒదుగుతుంది, నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. పిండిలో ఉప్పు ముందే కలపొద్దు, జారైపోతుంది. రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేసి, చుట్టాలు చెప్పులు విప్పుతున్నప్పుడు ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి కలిపి మూకుడు పెట్టండి. వేడి గారె రెండు తిన్నాక వేపుడు ఏదని అడిగినవాళ్లని నేను చూడలేదు. నూనె లీటరు తెచ్చుకోండి. మిగిలినది వడకట్టి పోపులకి వాడేయొచ్చు.

పరమాన్నానికి పావుకిలో బియ్యం, లీటరున్నర పాలు, మూడు వందల యాభై గ్రాముల బెల్లం. స్టవ్ ఆపి, కాస్త చల్లారాకే బెల్లం కలపాలి, లేకపోతే పాలు విరుగుతాయి. మధ్యాహ్నం నైవేద్యం పెట్టింది ఇదే, రాత్రికి వేరే స్వీటు అక్కర్లేదు. మిఠాయి కొట్టు కిలో డబ్బాకి పెట్టే డబ్బుతో మన కూరలన్నీ వచ్చేస్తాయి. పెరుగు కూడా అంతే. ముందురోజు రాత్రి రెండు లీటర్ల పాలు తోడుపెట్టుకుంటే ప్యాకెట్లు కొనక్కర్లేదు.

పచ్చడి నేను చేయను. మా మేనత్తకి ఫోన్ చేసి, "అత్తయ్యా, మీ మాగాయ చిన్న సీసాడు పట్టుకురండి, పిల్లలు అడుగుతున్నారు" అంటాను. ఆవిడకి సంతోషం, నాకో పని తక్కువ. ఎవరైనా ఏం తెమ్మంటావని అడిగితే మొహమాటపడకుండా అరటిపళ్లు అనండి. లేదంటే పాలకోవా డబ్బాలు నాలుగొచ్చి పడతాయి.

దశమి కదా, మాంసం ఉండాలని మా మరిది ప్రతిసారీ అంటాడు. పన్నెండుమందికి చికెన్ అంటే రెండున్నర కిలోలు తక్కువ కాకుండా తేవాలి, ఆ ఒక్క కూరకే బడ్జెట్ సగం పోతుంది. మర్నాడు మీ ఇంట్లో వండించుకో బాబూ అని నవ్వేసి ఊరుకుంటాను.

పెద్ద గిన్నెలు లేకపోతే షామియానా సామాన్లు అద్దెకిచ్చే షాపుకి వెళ్లకుండా వీధిలో అడగండి, పండగ పూట అద్దె కూడా ఎక్కువే. స్టీలు కంచాలు చాలకపోతే ఆకులు. తిన్నాక గిన్నెలు తోమే పని సగం తగ్గుతుంది.

వడ్డించేటప్పుడు పులిహోర గరిటెడే వేయండి, కావాలన్నవాళ్లకి మళ్లీ వేద్దాం. మొదటే గుట్ట పోస్తే ఆకులో వదిలేసి పెరుగన్నంలోకి వెళ్లిపోతారు. మిగిలిన పులిహోర వెళ్లేవాళ్లకి పొట్లాలు కట్టి ఇచ్చేయండి, తెనాలి చేరేసరికి పిల్లలకి మళ్లీ ఆకలేస్తుంది. గారెల పిండి మిగిలితే పొద్దున్నే బియ్యపు రవ్వ కలిపి మందపాటి మూకుడులో దిబ్బరొట్టె వేసుకోండి, గుమ్మడికాయ పులుసులోకి బాగుంటుంది.