బాలింత బరువు: పథ్యంలో ఏం తగ్గించాలి, ఏం పెంచాలి

కాన్పయ్యాక మొదటి ఆరు వారాలు బరువు తగ్గే ప్రయత్నమే పెట్టుకోవద్దు. ప్రసవంతోనే ఐదారు కిలోలు పోతాయి, ఒంటి నీరు ఆ తర్వాత దిగుతుంది. మిగిలింది నెలకు రెండు కిలోలు మించకుండా తగ్గితే చాలు.

బిడ్డ తల్లిపాల మీదే ఉండే ఆరు నెలలూ ఆమెకు రోజుకు సుమారు 600 కాలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలి. తేడా వచ్చేది ఇక్కడే. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పథ్యమంటే వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, ఆపైన శొంఠీ బెల్లం వేసిన కాయం. పెద్ద చెంచాడు నెయ్యి 130 కాలరీలు. మూడు పూటలా అంత పోసి, పెద్ద నిమ్మకాయంత కాయం ఉండలు రెండు పెడితే ఆ 600 అక్కడే దాటిపోతాయి, మాంసకృత్తులు మాత్రం అందవు. అందుకే అన్నం మాన్పించకండి. నెయ్యి రోజు మొత్తానికి రెండు చిన్న చెంచాలు చాలు. కాయం పూర్తిగా వద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, ఉసిరికాయంత ఉండ ఒక్కటి చేసి పెట్టమనండి. రెండు గుడ్లు, గ్లాసు పాలు చేరిస్తే ఆ 17 గ్రాములూ వచ్చేస్తాయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఇంటిల్లిపాదికీ పంచకుండా ఆమెకే పెట్టాలి.

సముద్రపు ఒడ్డు ఊళ్లలో పాలు పడతాయని సొరపుట్టు చేస్తారు. సొర జాతి చేపల్లో పాదరసం ఎక్కువ, పాలిచ్చే తల్లికి మంచిది కాదు. నెత్తళ్లు, కవళ్లు పులుసు పెట్టండి.

నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్నది నిజం కాదు. దాహమైనప్పుడల్లా తాగనివ్వాలి.

నడికట్టు బిగించినా కొవ్వు కరగదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు పైన వేళ్లతో నొక్కి చూడండి. కండరాల మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ సందు ఉంటే, లేచి కూర్చునే పొట్ట వ్యాయామాలు వద్దు, సందు ఇంకా పెరగొచ్చు. మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలడం పదిసార్లు, రోజుకు మూడు దఫాలు చేయండి. నడక పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా అరగంటకు పెంచండి. ఎండాకాలం ఉదయం ఏడు లోపే ముగించాలి. మైల (కాన్పు తర్వాత పోయే రక్తం) ఎక్కువైతే ఆ రోజు ఆపేయండి. ఆపరేషనయినవాళ్లు డాక్టరు సరేననేదాకా బరువులెత్తకూడదు, పొట్ట వ్యాయామాలు చేయకూడదు.

ఇవన్నీ చేస్తున్నా బరువు దిగకుండా నీరసం, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. గర్భంలో షుగరు వచ్చినవాళ్లు 6–12 వారాల మధ్య, 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష తప్పక చేయించుకోవాలి.