పిల్లల కార్యక్రమం చూసేటప్పుడు గ్లోబు పక్కనే ఉంచుకోండి

ఇతర దేశాల జీవనాన్ని చూపే పిల్లల కార్యక్రమం మొదలుపెట్టే ముందు ఒక గ్లోబునో ప్రపంచ పటాన్నో దగ్గర పెట్టుకుని, ఊరి పేరు వినిపించగానే కాసేపు ఆపి, ఆ చోటును పిల్లల చేతనే వెతికించండి. అమెరికాలో 1969లో మొదలైన ‘సెసమి స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమానికి మెక్సికోలో 1972లో, దక్షిణాఫ్రికాలో 2000లో స్థానిక రూపాలు వచ్చాయి కనుక, అలాంటి కార్యక్రమాన్ని రెండు దేశాల రూపాల్లో వెంటవెంటనే చూపితే, భాష తెలియకపోయినా అంకెలు లెక్కపెడుతున్నారని పిల్లలు ఇట్టే పట్టేస్తారు (ఉపశీర్షికలు కావాలనిపించేది పెద్దలకే). తేడాలకంటే ముందు పోలికలను అడగండి. తెరపై కనిపించింది ఒక్క కుటుంబమే కాబట్టి, ‘ఆ దేశంలో అందరూ ఇంతే’ అనకుండా ‘ఈ ఇంట్లో ఇలా చేస్తారు’ అని చెప్పండి.